ఫైర్ టెక్నాలజీ డిగ్రీ గిట్టుబాటు అవుతుందా? కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో మా అబ్బాయి చదువు లెక్క

మా అబ్బాయి కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉన్న బే ఏరియాలో, మా ఇంటికి అరగంట దూరంలో ఉన్న ఒక కమ్యూనిటీ కాలేజీలో ఫైర్ టెక్నాలజీ అసోసియేట్ డిగ్రీ చదివి, 2025 మే నెలలో పట్టా పుచ్చుకున్నాడు. చేరింది 2022 ఆగస్టులో. రెండేళ్లలో అయిపోవలసిన చదువు మూడేళ్లు పట్టింది. ఎందుకు పట్టిందో కింద చెబుతాను. చేరిన రోజు నుంచి ప్రతి ఖర్చునూ ఒక పుస్తకంలో పద్దు రాసుకుంటూ వచ్చాను. మన కుటుంబాలలో పిల్లవాడు ఫైర్‌ఫైటర్ అవుతానంటే ముందు ఇంట్లో నిశ్శబ్దం అలుముకుంటుంది, తరువాత ఆ చదువుకు ఎంత అవుతుంది, ఎంత వస్తుంది అన్న ప్రశ్న వస్తుంది. మా ఇంట్లోనూ అదే జరిగింది. ఇప్పుడు మరో నాలుగు కుటుంబాలు నన్ను అదే ప్రశ్న అడుగుతున్నాయి కనుక, కాలేజీ పేరు చెప్పకుండా, పెట్టిన డబ్బుకూ వచ్చే రాబడికీ ఉన్న పొంతనను ఇక్కడ బేరీజు వేస్తున్నాను.

ఫీజు విషయంలో ఈ చదువుకు సాటి రాగలది దాదాపు లేదు. కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలు ఉన్నాయి, రాష్ట్ర నివాసులకు వాటిలో దాదాపు అన్నిటిలోనూ యూనిట్‌కు (అంటే క్రెడిట్‌కు) 46 డాలర్ల ఫీజే అమలులో ఉంది. డిగ్రీకి 60 యూనిట్లు కావాలి కనుక మొత్తం ఫీజు 2,760 డాలర్లు. పైగా మొదటిసారి కాలేజీలో పూర్తికాల విద్యార్థిగా చేరినవారికి, కాలిఫోర్నియా కాలేజ్ ప్రామిస్ పథకం కింద రెండేళ్లపాటు ఆ ఫీజు కూడా మాఫీ చేసే వెసులుబాటు ఉంది. మా అబ్బాయికి ఆ మాఫీ దక్కింది. మొదటి రెండేళ్లు ఫీజు పద్దు కింద నేను రాసింది సున్నా. ఆదాయం తక్కువగా ఉన్న కుటుంబాలకు ఫెడరల్ ప్రభుత్వపు పెల్ గ్రాంట్ కూడా వస్తుంది, 2024-25లో దాని గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు. అది తిరిగి కట్టనక్కరలేని డబ్బు.

కానీ ఫీజు పేజీలో కనబడని ఖర్చులు తడిసి మోపెడయ్యాయి. మూడో ఏడాది మాఫీ గడువు ముగిసింది కనుక ఆ ఏడాది తీసుకున్న 26 యూనిట్లకు 1,196 డాలర్లు కట్టాం. పుస్తకాలకు మూడేళ్లలో 940, పార్కింగ్, ఆరోగ్య రుసుము వంటి చిల్లర ఫీజులకు 310, ఈఎంటీ, అంటే అంబులెన్స్‌లో అత్యవసర వైద్య సహాయం చేసే పని, నేర్పే కోర్సుకు సంబంధించిన యూనిఫాం, వేలిముద్రలు, జాతీయ పరీక్ష, కౌంటీ సర్టిఫికేషన్‌కు 420, శారీరక సామర్థ్య పరీక్షకు 190 అయ్యాయి. అన్నిటికంటే పెద్ద పద్దు ఫైర్ అకాడమీది, అంటే మంటలార్పడంలో ప్రత్యక్ష శిక్షణ ఇచ్చే సెమిస్టర్‌ది. మంటల దగ్గర తొడుక్కునే టర్నవుట్ కోటు, ప్యాంటు అద్దె, బూట్లు, హెల్మెట్, చేతి తొడుగులు, రెండు జతల యూనిఫాం, రాష్ట్ర ఫైర్ మార్షల్ కార్యాలయం ఇచ్చే సర్టిఫికెట్ల రుసుము అన్నీ కలిపి 3,650 డాలర్లు. మొత్తం లెక్క 6,706 డాలర్లు తేలింది, అందులో సగానికి పైగా ఆ ఒక్క అకాడమీ సెమిస్టర్‌కే వెళ్లింది. ఇంట్లో ఉండి చదివాడు కనుక అద్దె, తిండి ఇందులో కలపలేదు. ఇల్లు విడిచి ఉండి చదివే పిల్లవాడికి ఈ ప్రాంతపు అద్దెల ముందు ఫీజు లెక్కే కాదు.

చదువు నాణ్యత గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంత తక్కువ ఫీజుకు ఏం నేర్పుతారులే అనే చిన్నచూపు మొదట్లో నాకూ ఉండేది. దేశంలోని చాలా కాలేజీలు నేషనల్ ఫైర్ అకాడమీ రూపొందించిన నమూనా పాఠ్యక్రమాన్ని అనుసరిస్తాయి. మంటలు ఎలా పుడతాయి, ఎలా వ్యాపిస్తాయి, భవన నిర్మాణం మంటకు ఎలా లొంగుతుంది, అగ్ని నివారణ, అగ్నిరక్షణ వ్యవస్థలు, సిబ్బంది భద్రత అనేవి అందులో ప్రధాన పాఠాలు. మా కాలేజీలో వీటిని చెప్పినవారు దాదాపు అందరూ ఇరవై, ముప్పై ఏళ్లు ఇంజన్ల మీద పనిచేసి కెప్టెన్‌గానో బెటాలియన్ చీఫ్‌గానో పదవీ విరమణ చేసినవారు.

అగ్నిరక్షణ వ్యవస్థల తరగతి నుంచి ఒకరోజు మా అబ్బాయి ఊడదీసిన పాత స్ప్రింక్లర్ ముక్క ఒకటి ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు. ఇత్తడి చట్రం మధ్యలో బియ్యపుగింజకు రెండింతలు ఉండే చిన్న గాజు గొట్టం, అందులో ఎర్రటి ద్రవం, ఆ ద్రవంలో చిన్న గాలిబుడగ. ఎరుపు రంగంటే 68 డిగ్రీల సెల్సియస్ అట. ఆ వేడికి ద్రవం వ్యాకోచించి గాజు పగులుతుంది, దాని ఆధారంతో నిలిచిన మూత ఊడి నీళ్లు పడతాయి. పసుపు రంగైతే 79, ఆకుపచ్చ అయితే 93 డిగ్రీలు. ఒక చోట మంట పుడితే భవనంలోని స్ప్రింక్లర్లన్నీ ఒకేసారి కురుస్తాయని నేను అప్పటివరకు అనుకునేవాణ్ని. మామూలు భవనాలలో వేడి తగిలినది మాత్రమే తెరుచుకుంటుందని వాడు వివరించాడు. మరో రోజు గొట్టాలలో ఒత్తిడి నష్టం లెక్కలు చేస్తుంటే పక్కన కూర్చున్నాను. రెండున్నర అంగుళాల గొట్టంలో నిమిషానికి 250 గ్యాలన్ల నీరు 200 అడుగులు ప్రయాణిస్తే ఒత్తిడి 25 పీఎస్ఐ తగ్గుతుంది, నీటిని 500 గ్యాలన్లకు పెంచితే నష్టం రెట్టింపు కాదు, నాలుగింతలై 100 పీఎస్ఐకి చేరుతుంది. కాకినాడలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన నాకు ఆ సూత్రం కొత్తది కాదు. దాన్ని పంపు ముందు నిలబడి క్షణాలలో నోటిలెక్కగా చెప్పగలిగేలా తర్ఫీదు ఇస్తారన్నది మాత్రం కొత్త. ఈ విషయంలో కాలేజీకి నేను పూర్తి మార్కులు వేస్తాను.

ఇక రాబడి. అమెరికా విద్యాశాఖ నడిపే కాలేజ్ స్కోర్‌కార్డ్‌లో ఏ కాలేజీలో ఏ కోర్సు చదివినవారు తరువాత ఎంత సంపాదిస్తున్నారో చూడవచ్చు. ఫైర్ ప్రొటెక్షన్ అనే వర్గం కింద కమ్యూనిటీ కాలేజీ అంకెలు చూసినప్పుడు, పక్కనున్న ఇతర రెండేళ్ల డిగ్రీల కంటే ఇది ఎంతో మెరుగ్గా కనిపించి నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. ఇంత తక్కువ ఖర్చుకు ఇంత జీతమా అనుకున్నాను. ఆ ధైర్యం సగం మాత్రమే సరైనదని అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది, ఈ సమీక్షలో నేను ముఖ్యంగా చెప్పదలచిందీ అదే.

మా అబ్బాయి మొదటి సెమిస్టర్‌లో ఒక సాయంత్రం తరగతి తీసుకున్నాడు. 28 మంది ఉన్న ఆ గదిలో 11 మంది అప్పటికే ఏదో ఒక ఫైర్ డిపార్ట్‌మెంట్ ఉద్యోగులు. ఎన్నో ఏళ్ల క్రితమే ఉద్యోగంలో చేరి, కెప్టెన్ పరీక్షకు అర్హత కోసమో, డిగ్రీ ఉన్నవారికి డిపార్ట్‌మెంట్ ఇచ్చే విద్యా ప్రోత్సాహక భత్యం కోసమో వాళ్లు ఈ డిగ్రీ పూర్తి చేస్తున్నారు. వాళ్ల జీతం డిగ్రీ రాకముందే మంచి జీతం. డిగ్రీ చేతికి వచ్చాక వాళ్ల సంపాదన ఈ కోర్సు ఖాతాలో చేరితే, పద్దెనిమిదేళ్ల వయసులో కొత్తగా చేరిన పిల్లవాడికి కూడా ఆ అంకే వస్తుందన్న భ్రమ కలుగుతుంది. స్కోర్‌కార్డ్ సంపాదన లెక్కలలో ఫెడరల్ ఆర్థిక సహాయం తీసుకున్నవారే ఉంటారు. అదీకాక ఉద్యోగం చేస్తున్నవారిని మాత్రమే లెక్కిస్తారు. మా అబ్బాయిలా రాష్ట్ర మాఫీతో చదివి, ఫెడరల్ సహాయం తీసుకోనివారు ఆ లెక్కలోకే రారు. అంకె తప్పని నేను అనడం లేదు. ఆ జీతం ఉద్యోగం ఇచ్చినది, డిగ్రీ పక్కన నిలబడింది అంతే.

ఇందుకు ప్రభుత్వ గణాంకాలే సాక్ష్యం. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ ఫైర్‌ఫైటర్ ఉద్యోగంలో చేరడానికి సాధారణంగా కావలసిన చదువు ఏమిటన్న చోట, హైస్కూలు తరువాత పొందే డిగ్రీయేతర సర్టిఫికెట్ అని రాసింది. అసోసియేట్ డిగ్రీ అని రాయలేదు. 2024 మే నాటికి దేశవ్యాప్తంగా ఫైర్‌ఫైటర్ల మధ్యస్థ వార్షిక వేతనం 59,530 డాలర్లు. కాలిఫోర్నియాలో ఇంతకంటే బాగా ఎక్కువ. జీతాలలో ముందు వరుసలో ఉన్న రాష్ట్రాలలో ఇదొకటి. అయితే ఆ వేతనాన్ని మన ఆఫీసు ఉద్యోగపు వేతనంతో పక్కపక్కన పెట్టి పోల్చడం పొరపాటు. స్టేషన్ డ్యూటీ ఒక్కొక్కటి ఏకబిగిన 24 గంటలో 48 గంటలో ఉంటుంది, చాలా డిపార్ట్‌మెంట్లలో వారానికి సగటున 56 గంటలు పడుతుంది. ఫెడరల్ చట్టం కూడా ఫైర్‌ఫైటర్లకు 28 రోజుల వ్యవధిలో 212 గంటలు దాటాకే ఓవర్‌టైం చెల్లించడానికి అనుమతిస్తుంది. వారానికి 56 గంటల చొప్పున ఏడాదికి 2,912 గంటలు. 59,530ని వాటితో భాగిస్తే గంటకు 20 డాలర్ల 44 సెంట్లు, అదే 40 గంటల వారం లెక్కన భాగిస్తే 28 డాలర్ల 62 సెంట్లు. కాలిఫోర్నియాలో పెద్ద ఫాస్ట్‌ఫుడ్ సంస్థల దుకాణాలలో 2024 ఏప్రిల్ నుంచి కనీస వేతనమే గంటకు 20 డాలర్లు అని గుర్తుపెట్టుకుంటే, వార్షిక అంకె చూసి తొందరపడకూడదని తెలుస్తుంది. స్టేషన్‌లో నిద్రపోయే గంటలు కూడా ఆ 2,912లో ఉన్నాయి కనుక రెండు రకాల లెక్కా వేసి చూసుకోవడం న్యాయం.

డిగ్రీకీ ఉద్యోగానికీ మధ్య ఉన్న దారి కాలేజీ కరపత్రంలో ఒక్క వాక్యంలో అయిపోతుంది. నిజానికి అది కొన్నేళ్ల ప్రయాణం. ముందు ఈఎంటీ కావాలి, కాలిఫోర్నియాలో అది కనీసం 170 గంటల శిక్షణ. తరువాత అకాడమీ. తరువాత సీపాట్ అనే శారీరక పరీక్ష. 50 పౌండ్ల బరువున్న కోటు తొడుక్కుని, మెట్లెక్కడం మొదలుకొని గొట్టం ఈడ్వడం, నిచ్చెన లేపడం, 165 పౌండ్ల బొమ్మను లాగడం, పైకప్పు పొడవడం వరకు ఎనిమిది పనులు 10 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. మెట్ల దగ్గర భుజాల మీద మరో 25 పౌండ్లు పెడతారు. మొదటి ప్రయత్నంలో మా అబ్బాయి చివరిదైన పైకప్పు పొడిచే పని దగ్గర ఆగిపోయాడు, సమయం మించిపోయింది. రెండోసారి 9 నిమిషాల 48 సెకన్లలో ముగించి వచ్చి, కారులో కూర్చుని పావుగంట సేపు మాట్లాడలేదు. ఆ తరువాత రాతపరీక్ష, అర్హుల జాబితా, మౌఖిక పరీక్షలు, పూర్వాపరాల విచారణ, వైద్య పరీక్ష. బే ఏరియాలోని మంచి డిపార్ట్‌మెంట్లు ఈఎంటీకి పై మెట్టు అయిన పారామెడిక్ లైసెన్స్ ఉన్నవారికి ప్రాధాన్యం ఇస్తాయి. దానికి వెయ్యి గంటలు దాటిన శిక్షణ కావాలి, ప్రైవేటు సంస్థలలో అయితే ఖర్చు పది వేల డాలర్ల పైమాటే. అంటే 6,706 డాలర్ల పద్దు అక్కడితో ఆగదు.

ఈ మధ్యకాలంలో పిల్లవాడు ఏం సంపాదిస్తాడన్నదే అసలు ప్రశ్న. మా అబ్బాయి అంబులెన్స్‌లో ఈఎంటీగా గంటకు 23 డాలర్లకు పనిచేస్తున్నాడు. దేశవ్యాప్తంగా ఈఎంటీల మధ్యస్థ వార్షిక వేతనం 2024 మే నాటికి 41,340 డాలర్లు, పారామెడిక్‌లకు 58,410. కాబట్టి ఈ డిగ్రీ పూర్తిచేసిన కొత్తవాడి తొలి రెండు మూడేళ్ల రాబడిని ఫైర్‌ఫైటర్ జీతంతో కాకుండా ఈఎంటీ జీతంతో లెక్కగట్టడం సబబు. అలా లెక్కగట్టినా అప్పు లేదు కనుక మేము నష్టపోలేదు. ఇదే చదువును లాభాపేక్షతో నడిచే ఆన్‌లైన్ కాలేజీలో పదుల వేల డాలర్ల అప్పుతో చదివి ఉంటే, గంటకు 23 డాలర్ల జీతంలో వడ్డీ కట్టడానికే చేతిచమురు వదిలేది. చదువు ఒకటే, చివరికి పరీక్షించే సీపాట్ ఒకటే. అలాంటప్పుడు అంత డబ్బు పోయడానికి నాకు ఒక్క కారణమూ కనిపించదు.

ఇక నా ఫిర్యాదు. మొదటి ఏడాది కౌన్సెలర్ వేసి ఇచ్చిన ప్రణాళికలో ఈఎంటీ కోర్సును చివరి సెమిస్టర్‌లో పెట్టారు. అకాడమీలో చేరడానికి ఈఎంటీ ముందే పూర్తయి ఉండాలని, అకాడమీ ఏడాదికి ఒక్కసారే నడుస్తుందని ఆ ప్రణాళికలో ఎక్కడా లేదు. మాకు ఆ సంగతి ఒక అధ్యాపకుడు చెబితే తెలిసింది. అప్పటికి ఈఎంటీ సీట్లు నిండిపోయాయి. అందువల్ల ఒక ఏడాది జారిపోయింది, దానితోపాటే రెండేళ్ల ఫీజు మాఫీ గడువూ దాటిపోయింది. 1,196 డాలర్లు పెద్ద మొత్తం కాకపోవచ్చు. ఇరవై ఏళ్ల పిల్లవాడి జీవితంలో ఒక సంవత్సరం మాత్రం పెద్దదే. అకాడమీకి అయ్యే 3,650 డాలర్ల సంగతి కూడా చేరడానికి ఆరు వారాల ముందు వచ్చిన ఈమెయిల్‌లోనే మొదటిసారి చూశాం. అప్పటికప్పుడు అంత డబ్బు సమకూర్చుకోలేక మా అబ్బాయి స్నేహితుడు ఒకడు ఆ బ్యాచ్‌లో చేరలేకపోయాడు. ఇంత చక్కగా పాఠం చెప్పే విభాగం, డబ్బు విషయం ఇంత ఆలస్యంగా చెప్పడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

దీర్ఘకాలంలో మాత్రం డిగ్రీ విలువ మెల్లగా పెరుగుతుంది. చాలా డిపార్ట్‌మెంట్లలో కెప్టెన్ స్థాయికి కాలేజీ యూనిట్లు, ఆపై స్థాయికి బ్యాచిలర్ డిగ్రీ అడుగుతారు. ఇరవై రెండేళ్లకే ఆ యూనిట్లు చేతిలో ఉన్నవాడు, పదేళ్ల తరువాత పిల్లలను పడుకోబెట్టి రాత్రిపూట చదవనక్కరలేదు. పెన్షన్ కూడా లెక్కలోకి తీసుకోవలసిన రాబడి. 2013 జనవరి 1 నుంచి, కాలిఫోర్నియా ప్రభుత్వోద్యోగుల పెన్షన్ సంస్థ అయిన కాల్‌పర్స్ పరిధిలో కొత్తగా చేరిన పోలీసు, ఫైర్ వంటి భద్రతా ఉద్యోగులకు ఎక్కువగా వర్తించే సూత్రం, 57 ఏళ్ల వయసులో ఏడాది సర్వీసుకు జీతంలో 2.7 శాతం. ముప్పై ఏళ్లు చేసినవారికి 81 శాతం అవుతుంది. ప్రైవేటు ఉద్యోగంలో ఉన్న నాకు అలాంటి భరోసా లేదు. మరోపక్క, ఫైర్‌ఫైటర్ వృత్తిలో ఎదురయ్యే పరిస్థితులు మనుషులకు క్యాన్సర్ కలిగిస్తాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో మొదటి వర్గంలో చేర్చింది. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ వైపు పాలిసేడ్స్, ఈటన్ మంటలు కాలుతున్న రాత్రులు మా ఆవిడ టీవీ ముందు నుంచి లేవలేదు. ఆ బరువును డాలర్లలోకి మార్చే పద్ధతి నా పుస్తకంలో లేదు.

మంటల్లోకి వెళ్లే పని ఇష్టం లేని పిల్లలకు ఈ చదువులోనే మరో దారి ఉంది, దాన్ని కాలేజీలు తగినంతగా చెప్పడం లేదు. స్ప్రింక్లర్ల రూపకల్పన, ఫైర్ అలారం వ్యవస్థలు, వాటి తనిఖీ వంటి పనులలో నైసెట్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికేషన్‌కు మంచి గిరాకీ ఉంది. అందులో నాలుగు స్థాయిల వరకు ఉంటాయి, పరీక్షతో పాటు పని అనుభవం పెరిగేకొద్దీ పై స్థాయికి వెళ్లవచ్చు. అగ్నిరక్షణ వ్యవస్థల తరగతి, ప్రమాణాల పుస్తకాలు చదవగలిగే అలవాటు ఇక్కడ నేరుగా అక్కరకొస్తాయి. అయితే ఫైర్ ప్రొటెక్షన్ ఇంజనీర్ కావాలంటే ఈ డిగ్రీ మెట్టు కాదని స్పష్టంగా తెలుసుకోవాలి. అది క్యాల్కులస్, భౌతికశాస్త్రం పునాదిగా ఉన్న నాలుగేళ్ల ఇంజనీరింగ్ చదువు, మేరీలాండ్ విశ్వవిద్యాలయం 1956 నుంచి దానికి పేరుపొందింది. ఫైర్ టెక్నాలజీ యూనిట్లలో చాలా భాగం అటువైపు పనికిరావు. ఆ ఆశ ఉన్న పిల్లవాడు ఇదే కమ్యూనిటీ కాలేజీలో గణితం, భౌతికశాస్త్రం తీసుకుని బదిలీ కావడం మంచిది.

మనవాళ్లకు ప్రత్యేకంగా రెండు మాటలు. హెచ్4 వీసా మీద ఉన్న పిల్లలు తరగతులలో చేరగలరు కానీ ఉద్యోగం చేసే అనుమతి సాధారణంగా ఉండదు, 21 ఏళ్లు నిండితే ఆ హోదా కూడా పోతుంది. హెచ్1బీకి కనీసం బ్యాచిలర్ స్థాయి చదువు కోరే వృత్తి కావాలి కనుక, ఈ రెండేళ్ల డిగ్రీతో ఆ దారి తెరుచుకోదు. గ్రీన్‌కార్డు చేతికి రాకముందు ఈ కోర్సును జీవనాధారంగా ఎంచుకోవద్దని నా సలహా. అలాగే హైదరాబాదులో, విశాఖపట్నంలో ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా చేసి గల్ఫ్‌లో పనిచేసిన బంధువులు ఇది అదేనా అని అడుగుతున్నారు. పేరు దగ్గరగా ఉన్నా పని వేరు. అది ప్రధానంగా పరిశ్రమలలో భద్రతా పర్యవేక్షణ, ఇది ప్రధానంగా ఫైర్ స్టేషన్ కొలువుకు సన్నాహం.

చేరే ముందు కాలేజీని ఈఎంటీ ఏ సెమిస్టర్‌లో దొరుకుతుంది, అకాడమీ ఎప్పుడు మొదలవుతుంది, దాని మొత్తం ఖర్చు ఎంత, నిరుటి అకాడమీ బ్యాచ్‌లో కొత్తవారు ఎంతమంది డిపార్ట్‌మెంట్లలో చేరారు అన్నవి అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. కొత్తవారు అన్న మాటను మాత్రం విడిచిపెట్టకుండా అడగండి, లేకపోతే ముందే ఉద్యోగంలో ఉన్నవారిని కలిపి చెబుతారు. మా అబ్బాయి పేరు ప్రస్తుతం రెండు డిపార్ట్‌మెంట్ల అర్హుల జాబితాలో ఉంది. సీపాట్ సర్టిఫికెట్ ఏడాది గడువు వచ్చే నెలతో ముగుస్తుంది కనుక మళ్లీ డబ్బు కట్టాం, ఈ ఆదివారం నుంచి బరువు కోటు తొడుక్కుని మా కాలనీ వెనుక గుట్ట ఎక్కడం మళ్లీ మొదలుపెడుతున్నాడు.